బంగారు గనుల దంతవైద్యుడు – గొలుసు కట్టిన గ్లాసు



మా ఓ.పి.కి పంటి నొప్పితో వచ్చేవారిని "ఎన్ని రోజుల నుండి నొప్పి?" అని అడిగితే, "రోజులేమిటి సిస్టరమ్మా, రెండు మూడు నెలల నుండి" అంటారు. లవంగం పెట్టాము, మందుల షాపులో బిళ్ళలు కొని మింగాము, దవడ వాచాక వచ్చాము అని చెబుతారు. పన్ను తీయించుకోవడమంటే భయం. దంతవైద్యుని కుర్చీ చూస్తేనే సగం ప్రాణం పోతుంది. అందుకని ఈసారి ఒక దంతవైద్యుని జీవితం మీతో పంచుకోవాలనుకున్నాము. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడు కూడా కాదు. అయినా ఆయన సాధించిన మేలులోనూ, ఆయనకు తెలియకుండా జరిగిన పొరపాటులోనూ మన ఇంటికి పనికివచ్చే పాఠాలు ఉన్నాయి.

మిల్లు కూలీ నుండి దంతవైద్యుడు

ఆయన పేరు హెన్రీ డి. కాగ్స్‌వెల్. 1820 మార్చి 3న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో టాలండ్ అనే ఊరిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. ఆడుకోవలసిన వయసులో నూలు మిల్లులో పనికి వెళ్ళవలసి వచ్చింది. పగలు పని, రాత్రి చదువు. అలా తనంతట తాను చదువుకుని పైకి వచ్చారు. ప్రావిడెన్స్ నగరంలో దంతవైద్యం నేర్చుకున్నారు. 1846లో క్యారొలిన్ రిచర్డ్స్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు.

ఆ రోజుల్లో దంతవైద్యానికి ఇప్పటిలాగా కాలేజీలు, సీట్లు, పరీక్షలు పెద్దగా లేవు. అమెరికాలో మొదటి దంతవైద్య కళాశాల 1840లో బాల్టిమోర్ నగరంలో ప్రారంభమైంది. ఎక్కువమంది మాత్రం అనుభవం ఉన్న ఒకరి దగ్గర చేరి, చూసి నేర్చుకునేవారు. అక్కడ కొన్ని ఊళ్ళలో పళ్ళు పీకే పని మంగలివారు, కమ్మరివారు కూడా చేసేవారు.

1848 జనవరి 24న కాలిఫోర్నియాలో కొలోమా అనే చోట, రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్ అనే వడ్రంగికి బంగారు రేణువులు కనిపించాయి. ఆ కబురు దేశమంతా పాకింది. మరుసటి సంవత్సరానికి వేలాది మంది ఇల్లు వాకిలి వదిలి అక్కడికి పరుగెత్తారు. వెయ్యి మంది వరకు ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో ఊరు రెండేళ్ళు తిరక్కుండానే పాతిక వేల జనాభా గల పట్టణమైంది. 1849లో కాగ్స్‌వెల్ కూడా ఓడెక్కి అక్కడికి చేరారు. అందరూ మట్టిలో బంగారం వెదుకుతుంటే, ఆయన ఆ వెదికేవారి పళ్ళు బాగుచేసే పని పెట్టుకున్నారు.

గనుల దగ్గర నోళ్ళు ఎందుకు పాడయ్యాయి?

గని కార్మికులు గుడారాలలో బ్రతికేవారు. ఉప్పు వేసి నిల్వ చేసిన మాంసం, గోధుమ పిండి, చిక్కుళ్ళు, కాఫీ – ఇదే తిండి. నెలల తరబడి కాయగూర ముఖం చూడని వారున్నారు. అందువల్ల చాలామందికి స్కర్వీ అనే జబ్బు వచ్చింది. చిగుళ్ళు ఉబ్బి, ముట్టుకుంటే రక్తం కారి, గట్టి పళ్ళు కూడా కదిలిపోయేవి. కాళ్ళ మీద నల్లని మచ్చలు వచ్చేవి. నడవలేక పడిపోయిన వారూ, చనిపోయిన వారూ ఉన్నారు.

నిమ్మ, నారింజ రసంతో ఈ జబ్బు తగ్గుతుందని 1747లోనే జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పరీక్ష చేసి చూశాడు. అందులో ఉన్నది విటమిన్ సి అని మాత్రం 1932లో గాని రుజువు కాలేదు. గనుల దగ్గర కొందరు అడవిలో దొరికే ఒక ఆకుకూర తిని బాగుపడ్డారు. ఆ ఆకుకు నేటికీ అక్కడ "మైనర్స్ లెట్యూస్", అంటే గని కార్మికుల ఆకుకూర అనే పేరు ఉంది. మన గంగవాయిలి కూరకు అది దూరపు చుట్టం.

చూశారా, చేతినిండా బంగారం ఉన్నవానికి గుప్పెడు ఆకుకూర లేక పళ్ళు ఊడాయి. మనకు ఉసిరి, జామ, నిమ్మ పెరట్లోనే దొరుకుతాయి. పిల్లలకు బిస్కట్ పొట్లానికి బదులు ఒక జామకాయ ఇచ్చి చూడండి.

తిండికి తోడు నమిలే పొగాకు, సారాయి. నొప్పి వేస్తే విస్కీ పుక్కిలించేవారు. ఈ అలవాటు మన దగ్గరా ఉంది. మందు పుక్కిలిస్తే కాసేపు మొద్దుబారినట్టు ఉంటుంది గాని లోపలి చీము ఎక్కడికీ పోదు. పైగా నొప్పి బిళ్ళలు వేసుకుంటూ మద్యం తాగితే కడుపులో పుండ్లకు, కాలేయానికి ప్రమాదం.

పంటిలో బంగారం

ఆ కాలంలో పిప్పి పన్నును కాపాడడానికి మంచి మార్గం బంగారు రేకు. పిప్పిని చిన్న పనిముట్లతో చేత్తోనే గీకి శుభ్రం చేయాలి. కాలితో తొక్కే డ్రిల్లు 1870ల తరువాత గాని వాడుకలోకి రాలేదు. తరువాత పలుచగా కొట్టిన బంగారు రేకును చిన్న చిన్న ముక్కలుగా గుంటలో కూరి గట్టిగా అదమాలి. ఒక పంటికి గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టేది. రోగి నోరు తెరుచుకుని కూర్చోవలసిందే. బంగారం ఉమ్మికి తుప్పు పట్టదు, కరగదు. అందుకే అది ఏళ్ళ తరబడి నిలిచేది.

అప్పటికే పళ్ళన్నీ పోయినవారికి కట్టుడు పళ్ళు అమర్చేవారు. పై వరుస జారి కింద పడకుండా, పై సెట్టుకు కింది సెట్టుకు మధ్య స్ప్రింగులు పెట్టేవారు. మాట్లాడుతుండగా అవి నోట్లో నుంచి బయటకు రావడం కూడా జరిగేది. కాగ్స్‌వెల్ గాలి ఒత్తిడితో సెట్టును నిలిపే పద్ధతి ఒకటి రూపొందించారు. అంగిలికి ఆనే భాగంలో చిన్న గుంట ఉంటుంది. సెట్టు పెట్టుకుని అందులోని గాలిని పీలిస్తే, బయటి గాలి దానిని అంగిలికి అదిమి పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఆ గుంట పద్ధతి లేదు, ఎందుకంటే గుంట ఉన్న చోట అంగిలి ఒరుసుకుని కండ పెరిగేది. నోటికి సరిగ్గా కొలత తీసి చేసిన సెట్టు పలుచని ఉమ్మి పొరతోనే అంటుకుని నిలుస్తుంది. మీ సెట్టు వదులైతే, లేక కోసుకుంటే, సర్దుకుపోకండి. డాక్టరు గారికి చూపించి సరిచేయించుకోండి. రాత్రి పడుకునే ముందు తీసి, కడిగి, నీళ్ళలో వేయండి.

నొప్పి తెలియకుండా పన్ను తీయడం

ఇంతకుముందు పన్ను తీయడమంటే ఇద్దరు మనుషులు రోగిని పట్టుకోవడమే. ఆ భయంకరమైన కాలం మారడానికి కారణమైన వారిలో దంతవైద్యులే ముందున్నారు. 1844 డిసెంబరులో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే మరో దంతవైద్యుడు ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించాడు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారం వాడకం మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలో క్లోరోఫారం మత్తు ఇచ్చి దంత చికిత్స చేసిన మొదటివాడు మన కాగ్స్‌వెల్ అని చెబుతారు.

అయితే క్లోరోఫారం చేతిలో ఉన్న నిప్పు వంటిది. 1848 జనవరిలోనే ఇంగ్లాండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇస్తే నిమిషాలలో చనిపోయింది. అది ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా అని వైద్యులు యాభై ఏళ్ళకు పైగా వాదించుకున్నారు. ఆ వాదన మన హైదరాబాదుకు కూడా వచ్చింది. 1888లోనూ, 1889లోనూ ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఆధ్వర్యంలో, నిజాం ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో, హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. జంతువులపై వందల పరీక్షలు చేసి, ముందుగా ఆగేది ఊపిరే, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు అని తేల్చారు. అది పూర్తి నిజం కాదు. గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చూపించాడు. హైదరాబాదులోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే వనిత క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలై పేరు పొందారు. మత్తు ఇచ్చే పనిలో ప్రపంచంలోనే తొలి మహిళలలో ఆమె ఒకరు.

ఇప్పుడు పన్ను తీయడానికి క్లోరోఫారం లేదు. ఆ పన్ను చుట్టూ మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారు. మీరు మెలకువగానే ఉంటారు. అదురు తెలుస్తుంది, నొప్పి తెలియదు. కాబట్టి నూటయాభై ఏళ్ళ కిందటి భయాన్ని ఇంకా మోయనవసరం లేదు. ఒక్క మాట మాత్రం దాచవద్దు: బీపీ, షుగరు, గుండె జబ్బు, గర్భం, గతంలో ఏదైనా మందు పడకపోవడం, రక్తం పలుచబడే బిళ్ళలు – ఇవన్నీ ముందే చెప్పండి. ఆ బిళ్ళలను మీ అంతట మీరు ఆపకండి.

సారాయికి బదులు చల్లని నీళ్ళు

కాగ్స్‌వెల్ వైద్యంతో సంపాదించిన డబ్బును స్థలాలలో, గనుల వాటాలలో పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో తొలి లక్షాధికారులలో ఒకరయ్యారు. కాని గనుల చుట్టూ సారాయి దుకాణాలు ఎన్ని కుటుంబాలను కూల్చాయో ఆయన కళ్ళారా చూశారు. మనిషికి దాహం వేసినప్పుడు వీధిలో చల్లని మంచి నీళ్ళు దొరికితే సారాయి దుకాణం మెట్లు ఎక్కడు కదా అని ఆలోచించారు. ప్రతి వంద సారాయి దుకాణాలకు ఒక నీటి ఫౌంటెన్ ఉండాలన్నది ఆయన కోరిక. మన భాషలో చెప్పాలంటే చలివేంద్రాలే. రాతితో, లోహంతో చేయించి పట్టణాలకు కానుకగా ఇచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్, న్యూయార్క్, బోస్టన్ మొదలైన నగరాలలో అవి వెలిశాయి.

1882లో వాషింగ్టన్‌కు ఇచ్చిన ఫౌంటెన్ నేటికీ నిలిచి ఉంది. దానిపై విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ, మితానుభవము అనే నాలుగు మాటలు చెక్కారు. అడుగున మంచు గడ్డలు వేసి నీళ్ళు చల్లబరిచేవారు. పొర్లిన నీళ్ళు గుర్రాలు తాగే తొట్టిలోకి పోయేవి. మనుషులు తాగడానికి ఒక ఇత్తడి గ్లాసు తగిలించి ఉంచారు. దారిన పోయే ప్రతి ఒక్కరూ తాగేది ఆ గ్లాసుతోనే.

ఆ గ్లాసు దగ్గరే మేము ఆగుతున్నాము.

ఒకే గ్లాసు

అదే 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కాక్ అనే వైద్యుడు క్షయ వ్యాధికి కారణమైన క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడు. కంటికి కనిపించని క్రిములు మనిషి నుండి మనిషికి జబ్బును మోస్తాయని లోకం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. కాగ్స్‌వెల్ ఫౌంటెన్ల మీద పెట్టిన మనసు మంచిది, నీళ్ళూ మంచివే కావచ్చు. కాని వంద నోళ్ళు తాకిన గ్లాసు మంచిది కాదు.

అప్పట్లో రైళ్ళలో, బడులలో కూడా అందరికీ ఒకే గ్లాసు ఉండేది. కాన్సాస్ రాష్ట్ర ఆరోగ్యాధికారి శామ్యూల్ క్రంబైన్ రైలులో ఒక క్షయ రోగి నీళ్ళు తాగి పెట్టిన గ్లాసుతోనే వెంటనే ఒక చిన్న పాప తాగడం చూశాడు. ఆయన పట్టుబట్టడంతో 1909లో ఆ రాష్ట్రంలో ఉమ్మడి గ్లాసును నిషేధించారు. తరువాత మిగతా రాష్ట్రాలూ అదే చేశాయి. కాగితపు గ్లాసులు వాడుకలోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. క్షయ ముఖ్యంగా దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. కంచం, గ్లాసు ద్వారా కాదు. కాబట్టి ఇంట్లో టి.బి. రోగి కంచాన్ని వేరుచేసి వారి మనసు కష్టపెట్టవద్దు. మందులు క్రమంగా వేయించండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టించండి, కిటికీలు తెరవండి. అయితే జలుబు, ఫ్లూ, గొంతు జబ్బులు, నోటి పొక్కులు ఎంగిలి ద్వారా అంటుకోగలవు. కుండలో చెయ్యి ముంచితే టైఫాయిడ్, కామెర్లు, విరేచనాల క్రిములు నీళ్ళలో చేరగలవు.

మేము శిక్షణలో ఉన్న రోజుల్లో వరండాలో ఒక పెద్ద కుండ, దానికి గొలుసుతో కట్టిన ఒక గ్లాసు ఉండేవి. రోగులు, బంధువులు అందరికీ అదే. గ్లాసు పోకూడదని గొలుసు కట్టాము గాని, ఆ గ్లాసుతో ఏమేమి పోతున్నాయో మేము ఆలోచించలేదు. సాయంత్రం ఒకసారి తోమి బోర్లించేవాళ్ళం. ఒక వేసవిలో మా సీనియర్ సిస్టర్ గారు మమ్మల్ని ఆ కుండ పక్కన అరగంట నిలబెట్టి, ఎంతమంది తాగారో లెక్కపెట్టమన్నారు. లెక్క నలభై దాటింది. వారిలో విరేచనాల వార్డు వారు ఉన్నారు, చంటిబిడ్డ తల్లులు ఉన్నారు. "ఇప్పుడు ఆ గ్లాసుతో మీరు తాగుతారా?" అని అడిగారు. మాలో ఒక్కరమూ మాట్లాడలేదు. మరునాడు గొలుసు విప్పేశాము. పొడుగు కాడ ఉన్న గరిటె, కుండకు మూత, కొళాయి వచ్చాయి. ఎవరి గ్లాసు వారిది అని చెప్పడం మొదలుపెట్టాము.

మన పెద్దలు గ్లాసు పెదవికి తాకకుండా ఎత్తి పోసుకుని తాగేవారు. అది మంచి అలవాటు. కాని కొన్ని ఊళ్ళలో టీ కొట్ల దగ్గర ఎంగిలి పేరు చెప్పి కొందరికి వేరే గ్లాసు పెట్టిన చరిత్ర కూడా మనకు ఉంది. అది శుభ్రత కాదు, అవమానం. క్రిమికి కులం తెలియదు. శుభ్రమైన గ్లాసు అందరికీ కావాలి, ఒకేలా కావాలి.

విగ్రహం కూలింది, పని నిలిచింది

కాగ్స్‌వెల్‌కు ఒక బలహీనత ఉండేది. కొన్ని ఫౌంటెన్ల మీద తన విగ్రహమే పెట్టించారు – ఒక చేతిలో నీళ్ళ గ్లాసు. జనానికి అది నచ్చలేదు. ఆయన సొంత జిల్లాలోని రాక్‌విల్ పట్టణంలో విగ్రహాన్ని చెరువులో పడేశారు. 1894 కొత్త సంవత్సరం రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు రాత్రివేళ విగ్రహాన్ని తాడు కట్టి లాగి పడగొట్టారు. వాషింగ్టన్‌లో మంచు నింపలేక నీటి గొట్టాలు తీసేశారు. సారాయి దుకాణాలు మాత్రం తగ్గలేదు. చల్లని నీళ్ళు మంచివే గాని, తాగుడు అలవాటైన వానికి నీళ్ళొక్కటే చాలవు. అది జబ్బు. దానికి చికిత్స, కుటుంబం ఓర్పు, తోడుండే మనుషులు కావాలి.

ఆయన చేసిన మరో పని ఎక్కువ కాలం నిలిచింది. చిన్నప్పుడు మిల్లులో పనిచేస్తూ చదువు కోసం పడిన పాట్లు ఆయన మరువలేదు. 1887లో భార్యతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో బాలబాలికలకు చేతి పనులు, వృత్తి విద్య నేర్పే కాగ్స్‌వెల్ పాలిటెక్నికల్ కాలేజీని స్థాపించారు. ఎందరో పిల్లలు అక్కడ పని నేర్చుకుని తమ కాళ్ళ మీద నిలబడ్డారు. 1900 జులై 8న, ఎనభయ్యవ ఏట ఆయన కన్నుమూశారు.

మేము నేర్చుకున్నది ఇదే: మంచి మనసు ఉంటే చాలదు, దానికి సరైన తెలివి తోడు కావాలి. దాహం తీర్చాలనుకున్న గ్లాసే జబ్బు ఇవ్వగలదు. నొప్పి తీర్చాలనుకున్న మందే ప్రాణం తీయగలదు. తెలియక చేసినదాన్ని తెలిశాక మార్చుకోవడమే సేవ.

ఇంట్లో గుర్తుంచుకోండి

• రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పళ్ళు తోమండి. వేప పుల్ల వాడేవారు చిగురు గీసుకోకుండా మెత్తగా నమిలి వాడండి. బొగ్గు, ఇటుక పొడి వద్దు.

• పాల సీసా నోట్లో పెట్టి పిల్లలను నిద్రపుచ్చకండి.

• గుట్కా, ఖైనీ, చుట్ట మానండి. నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు గాని, తెల్లని, ఎర్రని మచ్చ గాని ఉంటే నొప్పి లేకపోయినా వచ్చి చూపించుకోండి.

• తోమినప్పుడు చిగుళ్ళ నుండి రక్తం వస్తే తోమడం ఆపకండి, చూపించుకోండి. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్త.

• గడ్డం కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, జ్వరం, ఊపిరి ఆడకపోవడం ఉంటే అది ప్రాణాపాయం. తెల్లవారే దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

• ఈ వేసవిలో చలివేంద్రం పెట్టే సంఘస్థులకు మా విన్నపం: కుండకు మూత పెట్టండి, కొళాయి గాని పొడుగు గరిటె గాని వాడండి, ఎవరి గ్లాసులో వారికి, లేదా దోసిట్లో పోయండి. దయచేసి గ్లాసుకు గొలుసు కట్టకండి.